పసుపు కింద అంకె

అడిగింది నేను. షాకీర్ జవాబు చెప్పింది మా మరిది భోజ్యాకు.

"అన్నా, గీ బండి తీస్కో. మీద ఇరవై కింటాళ్లు ఏసినా ఉరుకుతది."

మహబూబాబాద్‌లో అతను పాత పికప్ బండ్లు అమ్మే చోటికి మేము పోవడం అది మూడోసారి. మూడుసార్లూ ఇదే మాట.

"మీద ఏసేది కాదు భాయ్," అన్నాను. "ఎన్క కట్టి గుంజేది. ఎంత గుంజుతదో చెప్పు."

"మోసేటిది గుంజదా అమ్మా?" అంటూ భోజ్యా వైపు చూసి నవ్వాడు. భోజ్యా కూడా నవ్వాడు.

"గాడిద మూట మోస్తది. నాగలి కడ్తవా దానికి?"

నవ్వు ఆగింది.

మా ఆయన పోయాక మాకున్న ఆధారం ఒక్కటే, మొక్కజొన్న కంకుల నుంచి మక్కలు ఒలిచే మిషన్. రెండు చక్రాల మీద ఉంటుంది. ఒలవడానికి దాని ఇంజను దానికే ఉంది. కల్లం నుంచి కల్లానికి పోవాలంటే మాత్రం ముందు ఏదో ఒక బండి కట్టాలి. ఇన్నేళ్లూ నర్సయ్య ట్రాక్టరే కట్టేవాళ్లం. నర్సయ్యకు ముందు తన దున్నకం, తర్వాతే మా మిషన్. పోయినేడు అతని కోసం మూడు రోజులు కాచుకుని కూర్చుంటే, మరిపెడ దగ్గరి కల్లాల్లో మక్కలు వానకు తడిసి మొలకలెత్తాయి. "ఈసారి చెప్పిన దినానికి రాకుంటే వేరే మిషన్‌ను పిలుస్తం సక్రక్కా" అని అక్కడి రైతులు ముఖం మీదే చెప్పారు. ఆ దినానికి ఇంకా పది రోజులే ఉంది.

షాకీర్‌కు అప్పుడు తోచింది అడగాలని. "ఇంతకు మీ మిషన్ బరువెంత?"

"పన్నెండు కింటాళ్లు," అన్నాడు భోజ్యా, ఆలోచించకుండా. మా ఆయన చెప్పిన లెక్క అది. తండాలో ఎవర్నడిగినా అదే చెబుతారు.

"పన్నెండేనా! గీ తెల్లది చాలు. ఈక లెక్క గుంజుతది."

భోజ్యా ఆ తెల్ల బండి మీద మనసు పడ్డాడు. అద్దం మీద స్టిక్కర్లు, లోపల పాటల డబ్బా. నేను మాత్రం ఒప్పుకోలేదు. "మా తండా కాడి ఎత్తు ఎక్కితేనే తీస్కుంట."

"కొనకముందే గింత పరేషాన్ చేసే గిరాకీని నేను చూడలే," అని గొణుగుతూనే మర్నాడు తండాకు బండి తెచ్చాడు షాకీర్.

తండా దాటగానే మొరం దారి నిటారుగా పైకి పోతుంది. మిషన్‌ను బండి కొక్కేనికి తగిలించారు. షాకీరే నడిపాడు. సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ వెనక చక్రాలు మొరం చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి. కాలిన వాసన. బండి వెనక్కి జారుతుంటే పక్కన నడుస్తున్న నేను మిషన్ చక్రం కింద రాయి తోశాను.

"ఏం నింపిన్రు దీంట్ల? నా క్లచ్చి పాయె!" షాకీర్ దిగుతూనే అరిచాడు.

"ఈక అంటివి గద, గుంజు మరి! నీకు నడపరాదు," అన్నాడు భోజ్యా.

ఇద్దరూ అరిచి అలిసి చివరకు నా మీదికి తిరిగారు. "నీ జిద్దుతోటే గిదంత, వదినె. నర్సయ్యనే బతిమిలాడుకుంటే అయిపోతుండె," అన్నాడు భోజ్యా.

నాకు ఒళ్లు మండింది. ఎవరిని ఏమనాలో తెలియక మిషన్‌నే అరచేత్తో ఒక్క చరుపు చరిచాను. చేతికి పసుపు అంటింది. ప్రతి దసరాకు మిషన్‌కు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం. ఎప్పుడూ ముందువైపు అదే చోట, అక్కడ నున్నగా నలుచదరంగా ఉంటుందని. పదకొండు దసరాల పసుపు, నూనె, దుమ్ము అక్కడ అట్టకట్టాయి. నా దెబ్బకు ఒక మూల పెచ్చు లేచింది. కింద ఇనుప రేకు, దాని మీద గీతలు.

నడుముకు దోపుకున్న కొడవలి తీసి మొనతో గీకడం మొదలుపెట్టాను.

"ఏంజేస్తున్నవ్ వదినె! పూజ చేసిన బొట్టు!"

నేను ఆగలేదు. పొదుపు సంఘంలో సంతకం కోసమని యాభై ఏళ్లకు నేర్చుకున్న అక్షరాలు నావి. అంకెలు అంతకంటే బాగా వచ్చు. రెండు, రెండు, ఐదు, సున్న. పక్కన, యూరియా బస్తా మీద కిలోలకు రాసే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలే.

"ఇరవై రెండున్నర కింటాళ్లు," అన్నాను.

"అన్న పన్నెండని చెప్పె గద!"

"మీ అన్న చదివి చెప్పిండా? ట్రాక్టర్ గుంజినన్ని దినాలు ఎవలకు అక్కర పడలే. చేసినోడు రాసే ఇచ్చిండు. మనం బొట్టు పెట్టి మూసినం. మొన్న దసరాకు నా చేతులతోనే పెట్టిన."

షాకీర్ వంగి రేకును చూశాడు. ఈసారి నా వైపే తిరిగి మాట్లాడాడు. "అక్కా, గింత బరువు గుంజేది నా తాన ఒక్కటే ఉన్నది. పెద్దది. నాలుగు చక్రాలూ గుంజుతయ్. కని పాతది, రంగు పోయింది, తలుపుకు సొట్ట."

"సొట్టతోని నాకేం పని? రేపు తీస్కరా."

మర్నాడు ఆ మట్టిరంగు బండి మిషన్‌ను లాగుతూ, మూలుగుతూ, పొగ కక్కుతూ ఎత్తు ఎక్కింది. నడుమ ఆపి మళ్లీ కదిలించమన్నాను. కదిలింది. అదే కొన్నాను. మరిపెడ పనికి ఇంకా ఎనిమిది రోజులుంది.

భోజ్యా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. అయినా బండి ఇంటికొచ్చిందని పళ్లెంలో పసుపు, కుంకుమ తెచ్చి దానికి బొట్లు పెట్టాడు. మిగిలినదాంతో అలవాటుగా మిషన్ ముందుకు పోయి ఆ రేకు మీదికే చెయ్యి చాచాడు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

"చక్రానికి పెట్టు."