లోపలికి తిప్పిన పేర్లు

సున్నం బకెట్టుని సెక్యూరిటీ వాడు బూటుకాలితో తన్నాడు. అది మెట్లమీంచి దొర్లి డ్యామ్ నీళ్లలో పడింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. సారా పెద్దమ్మ మొహం కూడా.

నేను ఆ మెట్ల పక్కనే కయాక్‌లో కూర్చున్నాను, చేతిలో తెడ్డుతో, ముందు సీట్లో టూరిస్టుతో. నోరు విప్పలేదు. యాభై ఏళ్ల జీవితంలో నేను నోరు మూసుకున్నది అదొక్కసారే. అదీ విప్పాల్సిన వేళ.

"బుఢీ, నిన్నెవరు రానిచ్చారు? ఇది టూరిస్ట్ ప్లేస్ హై," అన్నాడు వాడు.

"ఈస్టరొస్తంది నాయనా. మా ఆయన సమాధికి సున్నం కొట్టుకుందామని డుంగీ పడవలో వొచ్చీసినాను."

"యహా సిర్ఫ్ అంగ్రేజ్ లోగ్ కా కబర్ హై. అన్నీ దొరల సమాధులే! బోర్డు చూడు!"

టూరిస్టు వెనక్కి తిరిగి, "ఎవరావిడ?" అని నన్నడిగాడు.

నా పేరు దేవప్రసాద్. మా అమ్మ జ్వరంతో పడుకున్న నెలంతా నాకు గంజి పోసింది ఆ సారా పెద్దమ్మే. "ఎవరో, సార్," అన్నాను నేను.

పనిచేసేవాళ్లారా, చదువుకునేవాళ్లారా! వాళ్ల నేరం చెప్పబోయేముందు నా నేరం చెప్పుకోవాలి. అందుకే ఇక్కణ్ణుంచి మొదలెట్టాను.

మా ఊరు కొండబస్తీ. మాయాబందర్ నుంచి అడవిదారిన రెండు గంటలు. స్వతంత్రం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి మావాళ్లని ఓడెక్కించి తెచ్చారు. వాళ్లు అక్కడ పడౌక్ మానులు కొట్టారు, రంపాలు లాగారు, కొండమీద వీధులు వేసుకున్నారు. రేషన్ షాపు, ఆస్పత్రి, బడి, ఏసుప్రభువు గుడి, అన్నీ వచ్చాయి. తర్వాత డ్యామ్ వచ్చింది. డ్యామ్ వచ్చి మా ధామం పోయింది. కింది వీధులు మునిగాయి, పై వీధులు నీళ్ల మధ్య దీవిలా మిగిలాయి. "కిందకి దిగండి, పట్టాలిస్తాం," అన్నారు. దిగాం. క్రీకు పాయ ఒడ్డున కాలనీ వేసుకున్నాం. ముప్ఫై ఏళ్లయింది, ఇంకా దిగే ఉన్నాం. కొండంత అండ పోయి మాకు అండమాన్ మాత్రం మిగిలింది.

మూడేళ్ల కిందట పరంధామయ్య అనే కాంట్రాక్టరు వచ్చాడు. పేరు పరంధామయ్య, చేసిన పని మా ధామాన్ని పరుల ధామం చెయ్యడం. ఇరవై కయాక్‌లు దించాడు. మునిగిన రేషన్ షాపు రేకులమీంచి, ఆస్పత్రి స్తంభాల మధ్యనుంచి తెడ్డేసుకుంటూ పోయి గుడి మెట్ల దగ్గర ఆగితే అదో వినోదం. మా కాలనీ మగాళ్లం పదకొండుమందిమి గైడులయ్యాం. గాడిదకీ గైడుకీ తేడా ఒక తెడ్డే.

"ఒరే ప్రసాదూ, కూలోళ్ల ఊరంటే ఎవడొస్తాడ్రా? దొరల ఊరను," అన్నాడు పరంధామయ్య.

అన్నాను. అనడమేమిటి, అల్లాను! రేషన్ షాపుని దొరల బ్యాంకు చేశాను. ఆస్పత్రిని దొరసాని మేడ చేశాను. మా అమ్మానాన్నల పెళ్లి జరిగిన గుడిని డాన్సు హాలు చేశాను. టూరిస్టులు నవ్వేవాళ్లు, ఫోన్లు పైకెత్తి నా మాటలు పట్టుకునేవాళ్లు. అన్నం కోసం ఆడిన అబద్ధం అన్నం పెట్టిన ఊరినే మింగుతుందని నాకు తట్టలేదు.

బకెట్టు మునిగిన వారానికే కాలనీకి నోటీసొచ్చింది. పడవల రేవు కోసం సోమవారంలోగా ఖాళీ చెయ్యాలట. మా నలభై మూడు ఇళ్లవాళ్లూ ఆక్రమణదారులట. మాయాబందర్ ఆఫీసుకి పరిగెత్తాం. ఈ గది కాదు ఆ గది అన్నారు. ఆ సారు లేడు, భోజనానికెళ్లాడన్నారు. ఆయనొచ్చేసరికి మా భోజనం వేళా దాటిపోయింది. దరఖాస్తు అంటే దరికి చేరని గస్తీ.

చివరికి ఒక గుమాస్తా కాగితాలు తిప్పి, "కొండబస్తీయా? రికార్డులో లేదే," అన్నాడు.

చేపలమ్ముకునే ఎరుకమ్మ బల్లమీద అరచేత్తో కొట్టింది. "రికార్డులో నేకపోతే మేమెక్కడ పుట్టినాం బాబూ? నీటిలో సేపల్లాగ పుట్టినామా?"

"పాత రేషన్ కార్డులు చూపించండి."

"డ్యామ్ కట్టినపుడు కొత్తవిస్తామని మీరే తీసీసుకున్నారు కదేటి!"

"చూడు దీదీ, అక్కడున్నవి ఇంగ్లీషువాళ్ల శిథిలాలు. పరంధామయ్యగారు అర్జీతోపాటు రుజువు కూడా ఇచ్చారు," అంటూ గుమాస్తా ఫోను నొక్కాడు.

అందులో నా గొంతు. "రండి సార్, ఇదే దొరల డాన్సు హాలు! ఇక్కడ ఒక్క నల్ల కాలు కూడా పడలేదు!" వెనకాల నా నవ్వు.

ఆఫీసులో మావాళ్లెవరూ నన్ను తిట్టలేదు. బస్సులో రెండు గంటలూ నా పక్క సీటు ఖాళీగా ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన షెడ్డులోనే మీటింగు పెట్టారు. క్రైస్తవులూ, అమ్మవారికి మొక్కేవాళ్లూ, కాలనీ అంతా వచ్చింది. ఒకడు పోర్ట్‌బ్లెయిర్ వెళ్దామంటాడు, ఒకడు పరంధామయ్య కాళ్లు పట్టుకుందామంటాడు, ఒకడు కాళ్లు విరగ్గొడదామంటాడు. ఎరుకమ్మ నా వైపు వేలు చూపించింది.

"ఒరే ప్రసాదూ! డ్యామ్ మన ఊరిని సగమే మింగింది. మిగతా సగం నీ నాలుక మింగీసిందిరా!"

లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు మూలనుంచి సారా పెద్దమ్మ, "గుడి గోడ ఇప్పి సూడండి," అంది.

అందరూ అటు తిరిగారు.

"ఆ గుడికి ఇంటికో రాయిచ్చినాం. గుడంటే గుడేటి, మొదట్లో పగలు అదే బడి, గాలివానొస్తే అందరికీ అదే దిక్కు. ఎరుకమ్మ మావ గవరయ్య ఏ దేవుడికి మొక్కీవోడు? ఆడూ రాయి మోసినాడు. పెతి రాయిమీదా ఇంటిపేరూ, మనిషి పేరూ, ఊరూ, సమచ్చరం సెక్కించినాం. పేర్లు బయటికెట్టి కడతంటే అప్పటి పాస్టరు ఏలీయా అయ్యగారొచ్చి ఆపీసినారు. 'కుడిసెయ్యి ఇచ్చింది ఎడంసేతికి తెలకూడదు, పేర్లు నోపలికి తిప్పండి. దేవుడు నోపల్నించి సదువుకుంటాడు' అన్నారు. తిప్పీసినాం."

ఊరికి ఊరే తన పేరుని తనే గోడలో దాచేసుకుంది! గొప్ప చెప్పుకోకూడదని దాచిన పేర్లే ఈవేళ మాకు దిక్కు.

ఇప్పటి పాస్టరు దేవకుమార్ లేచాడు. "అది దేవుని మందిరం. మన చేతుల్తో మనమే కూల్చడమా? కూల్చాక కూడా వాళ్లు ఇవ్వకపోతే? గుడీ ఉండదు, కాలనీ ఉండదు."

"అయ్యగారూ," అంది ఎరుకమ్మ, "దేవుడు యాభై ఏళ్లనించి సదివీసినాడు కదా. ఇప్పుడు తాసిల్దారు సదవాల."

పాస్టరు సారా పెద్దమ్మవైపు చూశాడు. ఆమె, "ఆ గోడ నా పెనిమిటి కట్టినాడు. మొదటి రాయి నానే తీస్తాను," అంది. ఆయన బయటికెళ్లి గునపం తెచ్చాడు.

"గోడు విననివాళ్లకి గోడే చూపిద్దాం!" అని అరిచాను నేను.

"జోకులు సాలు," అంది ఎరుకమ్మ. "పడవలు తే."

మర్నాడు పొద్దున్న పదకొండుమంది గైడులమూ టూరిస్టుల్ని ఎక్కించుకోలేదు. పరంధామయ్య కయాక్‌లలో విడతలుగా మా ఊరినే ఎక్కించాం. కయాక్ అనే మాటలో కయ్యం ఉందని నాకెప్పటినుంచో అనుమానం! ఎన్నడూ ఎక్కనివాళ్లు, రెండు పడవలు బోల్తాపడ్డాయి. తడిసినవాళ్లు తిట్టుకుంటూనే మళ్లీ ఎక్కారు. ఒక పడవలో కీర్తన, ఇంకో పడవలో నినాదం. మునిగిన ఆస్పత్రి స్తంభాల మధ్య రెండూ ఒకటై మోగాయి. సెక్యూరిటీ వాడు ఒక్కడు, మేం వందమందిమి. వాడు ఫోనందుకుని పక్కకి పోయాడు.

మొదటి రాయి సారా పెద్దమ్మ చేత్తోనే కదిలింది. తిప్పి చూస్తే ఏమీ లేదు. గట్టిపడిన గార, అంతే. రెండోదీ అంతే. మూడు, నాలుగు, అయిదు. పాస్టరు గునపం దించేశాడు. "కూల్చేశామే," అన్నాడు ఏడుపు గొంతుతో. నాకైతే నా తల ఆ గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సారా పెద్దమ్మ నడుముకున్న చీరకొంగు విప్పింది. అందులో సున్నం కుంచె. బకెట్టు పోయినా కుంచె దాచుకుంది. గునపం మొనతో గార పెచ్చులూడదీసి, డ్యామ్ నీళ్లలో కుంచె ముంచి రాయిని రుద్దింది. రుద్దగా రుద్దగా ఒక సున్నా, ఒక కొమ్ము, ఒక తలకట్టు పైకి తేలాయి.

పక్కనున్న ఆమె మనవరాలు పుష్పవతి, తెలుగు మాటలొచ్చి తెలుగు చదువు రాని పిల్ల, "మామయ్యా, ఏం రాసుంది?" అంది.

చదివాను. "బమ్మిడి పెద్దబ్బాయి. కొండబస్తీ. 1961."

అది సారా పెద్దమ్మ మొగుడి పేరు.

తర్వాత ఎవరూ ఎవరికీ పని చెప్పక్కర్లేకపోయింది. ఒకరు తీస్తే ఒకరు గీకారు, ఒకరు కడిగారు. మజ్జి గవరయ్య. పైల గవరమ్మ. గేదెల ఎర్రన్న. మెట్లమీద వరసగా నలభై మూడు రాళ్లు.

అప్పుడొచ్చింది మోటారు బోటు. పరంధామయ్య, ఒక ఇన్‌స్పెక్టరు, రైటరు, అయిదుగురు పోలీసులు.

"ఏమ్మా, మనం మనం తెలుగువాళ్లం, ఇదేం పని?" అన్నాడు పరంధామయ్య.

"తెలుగోడివైతే ఈ రాయి సదువు," అని ఎరుకమ్మ తన మావగారి రాయిని అతని ఎదుట పెట్టింది.

అతని కళ్లు అక్షరాలమీద పాకడం నేను చూశాను. చదివాడు. చదివి మొహం తిప్పుకున్నాడు.

"పురాతన కట్టడం ధ్వంసం," అన్నాడు ఇన్‌స్పెక్టరు హిందీలో. "రాళ్లన్నీ సీజ్ చెయ్యండి."

సీజ్ చేస్తే జాబితా రాయాలి. ప్రతి వస్తువుకీ గుర్తు రాయాలి. రైటరు బెంగాలీ. మొదటి రాయి ముందు గొంతుక్కూర్చుని, "ఇస్‌పే క్యా లిఖా హై భయ్యా?" అన్నాడు.

ఇన్నాళ్లూ ఇదే మెట్లమీద ఇదే నోటితో అబద్ధం చెప్పాను. "బమ్మిడి పెద్దబ్బాయి, కొండబస్తీ, ఉన్నీస్ సౌ ఇక్‌సఠ్," అన్నాను. అతను రాసుకున్నాడు.

పరంధామయ్యకి అప్పుడు వెలిగింది. "సార్, పేర్లెందుకు సార్! రాళ్లు నలభై మూడు అని రాస్తే చాలదా!"

ఎరుకమ్మ మెట్లకి అడ్డంగా కూర్చుంది. వెనకాల వందమందీ కూర్చున్నారు. "అన్నీ రాస్తేనే లేస్తాం. లేపోతే మోసుకెల్లండి." ప్రతి రాయినీ పైకెత్తి జనం ఒకటే కేక: "రాయి! రాయి!" రైటరుకి తెలుగు రాకపోయినా అందులో ఆజ్ఞ అర్థమైంది. నెత్తిన ఎండ మండిపోతోంది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని, "లిఖో, జల్దీ లిఖో," అన్నాడు.

నలభై మూడూ నేనే చదివాను. అడుగున ఇన్‌స్పెక్టరు సంతకం. ఒక నకలు మాకు. రికార్డులో లేని ఊరిని పోలీసులే రికార్డు చేశారు.

పదిహేడుమందిమి అరెస్టయ్యాం. పట్టా ఇమ్మంటే పట్టించుకోనివాళ్లు పట్టుకోవడానికి మాత్రం పరిగెత్తుకొచ్చారు. పట్టా రాలేదు. ఇంకా రాలేదు. ఇకమీద అబద్ధం చెప్పను. గడువు దాటిన మర్నాడు బుల్డోజరు కాలనీ మొగ దగ్గరికొచ్చినప్పుడు పుష్పవతి ఆ నకలు పట్టుకుని ఎదురు నిలబడిందనీ, ఆమె వెనక మా కాలనీయే కాకుండా రికార్డుల్లో లేని ఇంకో రెండు బస్తీల జనం వచ్చి నిలబడ్డారనీ, బుల్డోజరు వెనక్కి తిరిగిందనీ లాకప్పులో మాకు కబురొచ్చింది. మళ్లీ వస్తుంది. మేమూ అక్కడే ఉంటాం.

ఆ రోజు బోటెక్కబోతూ సారా పెద్దమ్మ ఆగి రైటరు భుజం తట్టింది.

"బాబూ, ఆ కాయితంలో ఇంకోటి రాసుకో. నీటిలో నా బకెట్టుంది."

రైటరు నా వైపు చూశాడు. నేను హిందీలో చెప్పాను. ఈసారి, "ఎవరావిడ?" అని అతనడిగాడు.

"మా పెద్దమ్మ," అన్నాను. "ఈ ఊరు కట్టినామె."