మావయ్య ముక్కు

మా అమ్మ తమ్ముడి ముక్కు సంగతి చెబితే మీరు నమ్మరు. నమ్మకపోతే పోండి, నాకేం! గ్లాసులో రెండు చెంచాల వైన్ పోసిస్తే, మావయ్య కళ్ళు మూసుకుని వాసన చూసి, "ఇది చలి కొండవాలుది. కోతల ముందు వాన పడింది" అనేవాడు. ఆ ద్రాక్షతోట వాళ్ళకు ఫోన్ చేస్తే, అవును, పడిందనేవాళ్ళు. నేను నోరెళ్ళబెట్టేదాన్ని.

ఎక్కడో సముద్రం అవతల కాసిన ద్రాక్ష తన నేలనీ, ఎండనీ, ఆ ఏటి వాననీ మూటగట్టుకుని సీసాలో రావడమే ఒక వింత. ఆ మూట విప్పగల ముక్కు మా ఇంట్లోనే ఉండడం ఇంకా పెద్ద వింత. నాకు పని నేర్పింది ఆయనే. దేశదేశాల వైన్లు తెప్పించి హోటళ్ళకు అమ్మే కంపెనీలో, ఏది కొనాలో ఏది వద్దో చెప్పడం మా ఇద్దరి ఉద్యోగం.

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన పోయింది. మిరియాలు నలిపి ముక్కు కింద పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"ఎవరికీ చెప్పకే. ఈ పని కూడా పోతే నేనింకెందుకూ పనికిరాను" అన్నాడు.

"చాల్లే మావయ్యా, ఏం మాటలవి!" అని కసిరాను. కసిరానే కానీ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి రుచి చూసే గదిలో ఆయన పక్కనే కూర్చునేదాన్ని. వైన్ బాగుంటే బల్ల కింద ఆయన కాలు ఒకసారి తొక్కాలి, బాగోకపోతే రెండుసార్లు. తొక్కి, మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని. అలా ఎలాగో నెట్టుకొస్తున్నాం.

ఒకరోజు ఓనరుగారు నాకంటే వయసులో పెద్దదైన సీసా ఒకటి తెచ్చి, తనే తీసి పోశారు. తాగి "అద్భుతం!" అన్నారు. సోడాకీ వైన్‌కీ తేడా తెలియని అకౌంటెంటు కూడా "అద్భుతం" అన్నాడు. సీసా మీద పేరు చూడగానే గ్లాసు కళ్ళకద్దుకున్నంత పని చేశాను. వాసన చూశాను. అంత గొప్ప వైన్ బాగోక ఎక్కడికి పోతుంది? మావయ్య కాలు ఒకసారి తొక్కాను.

ఆయన గ్లాసు తిప్పుతూనే ఉన్నాడు. తెలియలేదా ఈ మహానుభావుడికి అని నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ తొక్కుదామంటే రెండవుతుంది. ఆయన గ్లాసు ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"ఈ సీసా పాడైపోయింది సార్. బిరడా చెడగొట్టింది. తడిసి ముక్కిపోయిన అట్టపెట్టె వాసన."

ఓనరుగారి మొహం మాడిపోయింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం వాగుతున్నాడీయన? గబగబా నా గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఈసారి సీసా వంక చూడలేదు. అడుగున సన్నగా ఉంది, తడి అట్ట వాసన. పేరు చూసి మురిసిపోయి నేనే పట్టుకోలేకపోయాను. మరి ఈయనెలా...

అప్పుడు తట్టింది నాకు. తిరిగి చూస్తే మావయ్య కళ్ళనిండా నీళ్ళు.

ఓనరుగారు కూడా మళ్ళీ వాసన చూసి, "నిజమేనయ్యా" అని నిట్టూర్చారు. పారబోద్దామని మావయ్య గ్లాసు అందుకోబోయారు. మావయ్య దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు.

"ఇవ్వను సార్. అబ్బ, ఎంత కంపు కొడుతోందో!" అని మళ్ళీ గ్లాసులో ముక్కు పెట్టాడు.