అయిదులోగా అవనిగడ్డ

సీతారత్నం ఆర్డరు కాగితం ఉన్న సంచిని ఒళ్లో అదిమిపట్టుకుని, ముందు కూర్చున్న అన్నయ్య వీపు పొడుస్తూనే ఉంది. "ఇంకెంతసేపన్నయ్యా?" బందరులో బయల్దేరాక ఇది ఏడోసారి. అవనిగడ్డ బాలికల బడిలో టీచరుగా సాయంత్రం అయిదులోగా చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఆర్డరేమో ఆ పొద్దునే చేతికందింది. ఎక్కాల్సిన బస్సు రాలేదు. ఇక దిక్కు అన్నయ్య భీమశంకరం మోటారుసైకిలే.

మిలిటరీ వేలంలో కొన్న ఆ బండిని అతను కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఆ బిడ్డ అయిదారు మైళ్లు బుద్ధిగా నడిచి, టపటపమని పేలి, ఈడ్చుకుంటూ పోయి ఆగిపోయింది. ఇంజను దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. చల్లారేదాకా కూర్చుని తన్నితే కదిలింది, మూడు మైళ్లకే మళ్లీ మొరాయించింది.

"డొక్కు బండి! అమాయకుడివని చూసి నీకు అంటగట్టారు."

భీమశంకరం చెమట తుడుచుకుని హ్యాండిలు పట్టుకున్నాడు. చల్లపల్లి దాకా చివరి మైలు తోసుకుంటూ వచ్చేసరికి నాలుగైంది. సీతారత్నానికి ఏడుపొక్కటే తక్కువ.

అక్కడ మిల్లు ఇంజన్లు బాగుచేసే నతానియేలు ప్లగ్గు విప్పి చూపించాడు. "సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది చూడండి. పెట్రోలు అందట్లేదండీ. గాలి ఎక్కువై ఇంజను మాడిపోతోంది."

"ట్యాంకు నిండుగా ఉందే!" అన్నాడు భీమశంకరం.

నతానియేలు పెట్రోలు గొట్టం ఊడదీశాడు. ధార కాసేపు పారి, సన్నబడి, చుక్కలైంది. ట్యాంకు మూత తిప్పగానే లోపలికి గాలి బుస్సుమంది, ధార భళ్లున దూకింది. మూతను వెలుగుకు పట్టి చూసి నవ్వాడు.

"ఇదిగోనండీ దొంగ. ఈ కన్నంలోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. గంధం, కుంకుమ గడ్డకట్టి మూసేశాయి."

సీతారత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. మహర్నవమి పూజలో అన్నయ్య హెడ్‌లైటుకో బొట్టు పెట్టి ఊరుకున్నాడు. ఉద్యోగం రావాలని మొక్కుకుంటూ మూతంతా గంధం మెత్తింది తనే.

"నేనేనన్నయ్యా..."

అతను తిట్టినా బాగుండేది. "పిన్నీసుంటే ఇయ్యవే," అన్నాడంతే.

నతానియేలు ఆ పిన్నీసుతోనే కన్నం పొడిచి మూత బిగించాడు. దివిసీమలోకి వచ్చాక కూడా బండి ఒక్కసారీ దగ్గలేదు. సీతారత్నం మళ్లీ వీపు పొడవలేదు.

బడి ఆఫీసు గడియారంలో అయిదుకు పది నిమిషాలుంది. బెంచీ మీద ఒకమ్మాయి క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుంది.

"వచ్చారా! మీరు రాకపోతే ఈ రూతుగారిని చేర్చుకునేవాళ్లం," అంటూ హెడ్‌మిస్ట్రెస్ రిజిస్టరు జరిపింది.

రూతు లేచి క్యారియరు తీసుకుంది. నవ్వబోయింది గానీ కళ్లు నిండాయి. "మధ్యాహ్నం నుంచీ ప్రార్థన చేస్తూ కూర్చున్నానండీ, మీరెక్కిన బస్సు చెడిపోవాలని. తప్పే. ఏమనుకోకండి."

"చెడిపోయిందండీ, బండి," అంది సీతారత్నం. "చెడగొట్టింది నేనే."

ఆమె మాట అర్థంకాక రూతు ఒక్క క్షణం నిలబడి, తలూపి, మెట్లు దిగి వెళ్లిపోయింది. సీతారత్నం కలం అందుకుంది. ఇన్నాళ్లూ కాగితాల మీద అందంగా వేసి మురిసిపోయిన సంతకం ఆ పూట వంకరగా వచ్చింది.