జెర్రిపోతుకు జలుబు

గోదావరి పొంగి ఏటూరునాగారం వైపు బస్సులు ఆగిపోయిన ఏడాది అది. ఆ నీళ్లు వరంగల్ దాకా రాలేదు గానీ వాన మాత్రం పది రోజులు ఊరిని వదల్లేదు. స్టేషన్ వెనకున్న రామలింగం షావుకారి గోదాములో పల్లికాయ బస్తాలు తడిగాలికి మెత్తబడ్డాయి. శ్రావణ సోమవారం పొద్దున వాచ్‌మన్ కట్టయ్య ఎప్పటిలాగే గోదాము ఊడ్చి, మూలన మట్టి మూకుట్లో నీళ్లు మార్చి, బస్తా మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

ఆ చప్పుడుకు జెర్రిపోతు బయటికి రావాలి. ఆరేళ్లుగా వస్తూనే ఉంది. పంజాబ్ గోధుమ దిగిన రోజున బస్తాల సందులో జానెడు పిల్ల కనబడితే హమాలీలు కర్రలెత్తారు. కట్టయ్య ఏమీ అనకుండా దాని మీద గంప బోర్లించి, గంప మీద తను కూర్చున్నాడు. గంటసేపు కూర్చున్నాడు. కర్రలు పట్టుకున్నవాళ్లకు విసుగొచ్చి పోయారు. ఇప్పుడది ఆరడుగులు. అది వచ్చాక గోదాములో ఎలుక కొరికిన బస్తా లేదని షావుకారు నలుగురిలో చెప్పుకుంటాడు.

ఇవాళ వచ్చింది గానీ నిదానంగా వచ్చింది. కట్టయ్య మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వాసనకు నాలుక టపటపా ఆడాలి. ఒక్కసారి ఆడి ఆగిపోయింది. తల నేల మీద ఆన్చకుండా పైకప్పు వైపు ఎత్తి పట్టుకుంది. నోరు పూర్తిగా మూసుకోవడం లేదు. ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ లేచి పగిలింది, మళ్లీ లేచింది. అతను చెవి దగ్గరగా పెట్టాడు. లోపల్నించి సన్నటి ఈల.

కట్టయ్య దిగ్గున లేచాడు. పద్నాలుగో ఏట మూట మోయడం మొదలుపెట్టి నడుం విరిగేదాకా మోసినవాడు, పెళ్లాం మొగిలమ్మ పోయిన రోజున కూడా గట్టిగా ఏడవనివాడు, ఇప్పుడు గోదాము గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి కేకేశాడు.

"యాకమ్మా!"

పల్లికాయలో రాళ్లేరే యాకమ్మ చేతిలోని చేట జారిపోయింది. "ఏందన్నా, గోదాం అంటుకున్నదా?"

"పాముకు పాణం బాగలేదు."

"పాముకా!" యాకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను నీకే ఏమన్న అయిందనుకున్న. నా పాణం పోయింది కదనే!"

"సంచి వట్టు."

"నేనెందుకు వడ్త? దాని తోకతోని కొడ్తె కాలు కుళ్లుతదంటరు."

"ఆరేండ్ల సంది నన్ను ఎన్నిసార్లు కొట్టిందో ఎరుకేనా? చూడు, కాళ్లు రెండూ ఉన్నయి."

అన్ని మాటలు అతని నోట్లోంచి ఒక్కసారే రావడం యాకమ్మ ఎన్నడూ వినలేదు. సంచి పట్టింది.

ప్రతి అమావాస్యకూ కట్టయ్య పామును గుడ్డసంచిలో వేసి, శాంపిలు తూచే చిన్న కాటాలో తూస్తాడు. బస్తా బరువు తెలిసినవాడికి ప్రాణం బరువు కూడా తెలియాలని అతని లెక్క. పోయిన అమావాస్యకు సంచి బరువు తీసేస్తే కిలోంబావు. ఇవాళ పళ్లెంలో కిలో రాయి పెట్టి, వంద గ్రాముల రాయి వేసేసరికే ముల్లు నిలబడింది. పద్నాలుగు రోజుల్లో నూటయాభై గ్రాములు.

పద్నాలుగు రోజుల్లో ఏం జరిగింది? వాన. తడి. ఇంకొకటి కూడా జరిగింది.

నాగుల పంచమి రోజున షావుకారి భార్య రాజేశ్వరి పుట్ట దాకా పోలేక, వానలో గోదాముకే వచ్చింది. "ఇండ్లనే నాగన్న ఉండంగ పుట్ట దాక ఎందుకు?" అంది. ఇది నాగుపాము కాదని కట్టయ్య చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు. పసిపిల్లలకు మందు తాగించే ఉగ్గుగిన్నెతో ఆమె పాలు తెచ్చింది. పాము మూతి తిప్పుకుంటుంటే, "జర వట్టుకో కట్టయ్యా" అంది. అతను పట్టుకున్నాడు. తన రెండు వేళ్లతోనే నోరు తెరిచి పట్టుకున్నాడు. గిన్నెడు పాలు పోశాక పాము దగ్గినట్టు వొళ్లంతా విదిలించింది. "తాగింది తాగింది" అని ఆడవాళ్లు చేతులు జోడించారు. పాలు కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తిలోకి పోయాయని అతనికిప్పుడు తెలిసింది.

సంచి ముడి వేస్తుండగానే గుమ్మంలో గాజుల చప్పుడైంది. గొడుగు కింద రాజేశ్వరి, వెనక మరో ముగ్గురు. చేతిలో మళ్లీ అదే గిన్నె.

"నీ అరుపు ఇంటిదాక ఇనవడ్డది. నాగన్న అలిగిండా? పంచమినాడు పాలు సరిపోలేదేమో. సోమవారం కూడ పోస్తె మంచిగయితడు. తియ్యి కట్టయ్యా."

కట్టయ్య సంచిని ఛాతీకి అదుముకున్నాడు. పదమూడేళ్లుగా ఆ ఇంటి తిండి తింటున్నాడు. ఆ ఇంట్లో ఎవరు ఏమన్నా అతని జవాబు 'ఊ'. సంచిలోంచి ఈల వినబడింది.

"వద్దమ్మా," అన్నాడు.

"ఏంది?"

"పాలు వద్దు. ఆ పాలే దీన్ని చంపుతానయి."

వెనకున్న ముగ్గురూ బుగ్గలు నొక్కుకున్నారు. "కట్టయ్యకు నోరున్నదే!" అంది ఒకామె.

రాజేశ్వరి ముఖం ఎర్రబడింది. "నేను చంపుతాన్ననా? దేవునికి పాలు పోసుడు తప్పా?"

"మీరు కాదమ్మా. నేనే. వట్టుకున్నది నేనే గదా. పాము పాలు తాగదు. అది దాని ఊపిర్లకు పోయింది. అప్పుడే చెప్పేటిది ఉండె. చెప్పలె." సంచి ముడి బిగించాడు. "ఇప్పుడు దవాఖానకు పోతాన. గేటు యాకమ్మ చూస్తది. రేపు నన్ను పనిలకెల్లి తీసేసినా సరే."

గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు. సంచిని గంపలో పెట్టి, గంప మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, తన పొట్ట వేడి తగిలేలా పంచెతో కట్టుకున్నాడు. రిక్షావాడు గంపలో ఏముందని అడిగాడు. చెప్పగానే రిక్షాతో సహా మాయమయ్యాడు. కట్టయ్య నడిచాడు. ఆ వయసులో, ఆ నడుంతో, దాదాపు పరుగెత్తాడు.

పశువుల దవాఖాన వరండాలో గొడ్లు, మేకలు, ఒక కుంటి గేదె. "ఏం తెచ్చినవు పెద్దమనిషీ, కోడా?" అని ముందున్నవాడు కాగితం ఎత్తి చూసి వెనక్కి దూకాడు. మేకలు అరిచాయి. తాళ్లు తెంపుకుని ఒకటి బయటికి ఉరికింది. రెండు నిమిషాల్లో కట్టయ్యకు వరస ఖాళీ అయింది.

డాక్టర్ కిషన్ రావు కుర్చీలోంచి లేచాడు గానీ దగ్గరికి రాలేదు. "నేను చదివింది బర్ల డాక్టరీ. పాముకు వైద్యం ఎవరన్న చేస్తరా?"

"మీరు చేస్తరు సార్," అన్నాడు కట్టయ్య. "నోరు తెర్సుకుని ఊపిరి తీస్తాంది. ముక్కుల నురుగు. తల కిందికి వెడ్తలేదు. తొమ్మిది రోజుల సంది ఎలుకను ముట్టలె. పొద్దున తూసిన, కిలో వంద గ్రాములు. పోయిన అమావాసకు కిలోంబావు."

డాక్టర్ ఒక అడుగు ముందుకొచ్చాడు. "తూసినవా?"

"నెలనెలా తూస్త సార్."

"నా దగ్గరికి బర్లు తెచ్చేటోళ్లకు అది మేసిందో లేదో ఎరుకుండదు. నువ్వు పామును తూస్తవా!" కిషన్ రావు ముఖంలో ఏదో వెలిగింది. కళ్లజోడు తుడుచుకున్నాడు. అలమరలోంచి దుమ్ముపట్టిన లావుపాటి పుస్తకం దించి, కాగితాలు గబగబా తిప్పాడు. "నిమోనియా. అదే. పట్టుకో గట్టిగ. తల కిందికి వొంచు, నీళ్లు కారనియ్."

కట్టయ్య తల కిందికి వంచి పట్టుకున్నాడు. పాము నోట్లోంచి చిక్కటి తెల్లటి జిగురు తీగలా జారింది. డాక్టర్ దూదితో తుడిచాడు. కిలో వందకు ఎంత మందు పడుతుందో రెండుసార్లు లెక్క చూసుకుని సూదిలోకి తీశాడు. తోకవైపు వద్దని పుస్తకంలో ఉన్నట్టే, మెడ కిందుగా, ముందు సగంలో పొడిచాడు. కట్టయ్య పట్టు సడలలేదు.

"వెచ్చగ ఉంచు. వెచ్చదనమే సగం మందు. తిండి బలవంతం చేయకు. రోజు తప్పి రోజు తీస్కరా. నాకు గూడ చూడాలనున్నది."

తిరిగొచ్చేసరికి గోదాములో తన మంచం పక్కన కొత్త పొడి గోనెలు పరిచి ఉన్నాయి. షావుకారి ఇంటి పెద్ద లాంతరు వెలుగుతోంది. యాకమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మే పంపింది. ఏడ్సుకుంట పోయింది పాపం. గడియకోసారి మనిషిని పంపి అడుగుతాంది, నాగన్న నోరు మూసిండా అని."

మొత్తం ఐదు సూదులు. రెండో సూదికి బుడగలు ఆగాయి. నాలుగో సూదికి నోరు మూసుకుంది. వాన వెలిసింది. ఇరవయ్యో రోజున పాము ఒక ఎలుకను మింగి, నీళ్ల మూకుట్లో చుట్టుకుని పడుకుంది. తర్వాత, కుబుసం విడిచే ముందు తిరిగినట్టే, కళ్లు పాలరంగుకు తిరిగి, మళ్లీ తేటబడ్డాయి. జబ్బులో ఉందని మధ్యలో వచ్చిన అమావాస్యకు తూయలేదు; వచ్చే అమావాస్యకు ఎంత తూగుతుందోనని యాకమ్మ, రాజేశ్వరి పందెం కట్టుకున్నారు.

అమావాస్య రెండు రోజులుందనగా, సాయంత్రం కట్టయ్య బస్తా మీద రెండు దెబ్బలు కొట్టాడు. రాలేదు. మళ్లీ కొట్టాడు. వెనక గోడకున్న తూము దగ్గర తడిమట్టిలో వంకరటింకరగా ఒక దారి, బయటి పత్తిచేల వైపు. అతను అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. పిలవలేదు. తర్వాత బస్తాల మధ్య వెతికితే కుబుసం దొరికింది.

మర్నాడు పొద్దున దాన్ని చుట్టి తువ్వాలులో పెట్టుకుని, దవాఖాన తలుపు తీయకముందే వరండాలో నిలబడ్డాడు. డాక్టర్ రాగానే బల్ల మీద పరిచాడు. బల్ల చాలలేదు.

"ఒక్కటే ముక్క సార్. ఎక్కడ చినగలె. జబ్బుంటె ముక్కలు ముక్కలుగ ఊడేది. కండ్లు చూడుండ్రి, వాటి మీది రెండు పొరలు గూడ వచ్చినయ్."

కిషన్ రావు వంగి చూశాడు. "మరి పాము?"

"పోయింది సార్."

"అరె! ఫికర్ కాలేదా?"

కట్టయ్య నవ్వాడు. "పోయేటంత బలమొచ్చింది సార్."

డాక్టర్ వెళ్లి కిటికీ తెరిచాడు. గాలికి కుబుసం తోక బల్ల అంచు కింద మెల్లగా ఊగుతోంది. తలవైపు, గోరంత లేని రెండు గుండ్రటి కంటి పొరలు, గీత కూడా లేకుండా, వెలుతురును అటునించి ఇటు పంపుతున్నాయి.