వాకిలి పక్క బండ

మా ఊరి చర్చి బండల్ని నా చేతులతో నేనే పాడుచేశాను. ఇంకొకరి మీదికి నెట్టేద్దామన్నా వీల్లేదు. సీసాలు కొన్నదీ నేనే, పోసిందీ నేనే.

డోన్ దాటితే దగ్గరే మా ఊరు. మా తాతలు నాపరాళ్ల గనుల్లో పనిచేసినవాళ్లు. చర్చి కట్టినప్పుడు ఇంటికొక నల్ల బండ కానుకగా మోసుకొచ్చి పరిచారు. ఈ రోజుకీ చాలామంది తమ ఇంటి బండ మీదే కూర్చుంటారు.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై, కర్నూలు వదిలి ఊరు చేరగానే నన్ను చర్చి కమిటీకి కార్యదర్శిని చేశారు. పదవి వచ్చాక చేతులు ఊరుకుంటాయా? నలభై ఏళ్లుగా ప్రతి శనివారం ఆ బండలు తుడుస్తున్న ఏసుమణత్తను మాన్పించాను. ఆమెకు డెబ్బై దాటాయి. "మాప్ కర్ర తెచ్చినాలే అత్తా, ఇంక ఇంట్లో కూచో" అన్నాను. తన గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కోత పండగకని గోడలకు రంగులేయిస్తే బండల మీద చుక్కలు పడ్డాయి. కర్నూలు ఇంట్లో టైల్స్ మీది మరకలు యాసిడ్‌తో పోవడం నాకు గుర్తు. ఐదు సీసాలు తెచ్చి, మంగళవారం పొద్దున వాకిలి దగ్గర మొదలుపెట్టాను. పోయగానే బుసబుసమని నురగ వచ్చింది. మురికి ఊడి వస్తోందని మురిసిపోయి, అక్కడే ఇంకో సీసా కూడా వంచాను. మూడు వరసలు అయ్యాక కడిగి చూద్దును కదా, నల్లని బండలన్నీ బూడిద రంగుకు తిరిగి గరుకుగా ఉన్నాయి.

ఆ సాయంత్రం కమిటీలో నా సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి నేనే అందరికంటే గట్టిగా అరిచాను. ఈ పాత బండలు ఇంకెందుకు, సోమవారం వీటి మీద టైల్స్ పరిపించేద్దామన్నాను. పాస్టరయ్యగారు తల పట్టుకున్నారు గానీ చివరికి సరేనన్నారు.

బుధవారం తెల్లవారగానే ఏసుమణత్త వచ్చింది. వంగి, బండ మీద వేలు రాసి, ఆ వేలికి అంటిన తెల్లటి పొడి నాకు చూపింది.

"ఏమప్పా వసంతా, ఏం పోసినావు దీనికి?"

"యాసిడ్ అత్తా. టైల్స్‌కు పోస్తే బాగా..."

"టైల్స్ ఓర్చుకుంటాయప్పా. ఇది సున్నపు జాతి రాయి. నిమ్మకాయ రసం పడినా మచ్చ పడతాది. మొజాయిక్ కూడా అంతే. వయసులో ఉన్నప్పుడు కర్నూల్లో పెద్ద పెద్ద ఇండ్లల్లో బండలు తుడిసినా నేను." వేలికంటిన పొడి కొంగుకు తుడుచుకుంది. "మీద టైల్స్ పరుస్తారంట, నిజమేనా?"

"ఇంకేం చేసేది అత్తా?"

"శనివారం పొద్దుగూకే దాకా నాకియ్యి. నల్లగా కాకుంటే పరుచుకోండి."

నలభై ఏళ్లు చేత్తో తడిమిన నేల సిమెంటు కింద పూడిపోతుందంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజంతా నాచేత నీళ్లు మోయించింది. వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, ఉత్త నీళ్లతో నాలుగుసార్లు కడిగించింది. గురువారం గరుకు పాలిష్ రాయి పట్టుకుని కూర్చుంది. నీళ్లు చిలకరించడం, గుండ్రంగా రుద్దడం, బురద తుడవడం, మళ్లీ రుద్దడం. ఆమె మొదట రుద్దింది మా తాత తెచ్చిన బండ. ఆ తర్వాత నున్నటి రాయితో ఇంకోసారి. బండ ఆరాక పాతచీర గుడ్డను కొబ్బరినూనెలో ముంచి, గట్టిగా పిండి, తుడిచింది.

"నూనె జాస్తి పెడితే దుమ్ము పడతాది, జనాలు జారి పడతారు" అంది.

నేనూ ఒక చేయి వేశాను. పది నిమిషాలకే భుజాలు పడిపోయాయి. ముప్పై ఏళ్లు కదిలే బస్సులో నిలబడ్డానని నాకు గొప్ప! వంగిన నడుముతో ఆ మనిషి పొద్దంతా ఒకే వేగంతో రుద్దుతుంటే నా గొప్పంతా ఆ బురదలోనే కలిసిపోయింది. అంత పనిమంతురాలికి మాప్ కర్ర చూపించిన నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

శనివారం పొద్దుగూకేసరికి మూడు వరసలూ నిగనిగలాడాయి. వాకిలి పక్క బండ ఒక్కటే మిగిలింది, రెండు సీసాలు తాగిన బండ. ఏసుమణత్త మణికట్టు వాచిపోయింది.

"దాన్ని ఇడిసిపెట్టు. మాపయింది, ఇంక కండ్లకు ఆనదు" అంది.

పాస్టరయ్యగారు చెప్పులు విడిచి ఆ వరసల మీద చివరి దాకా నడిచి వచ్చి, "టైల్స్ వద్దు వసంతకుమార్, మేస్త్రీకి చెప్పెయ్" అన్నారు. ఏసుమణత్త కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పాట మధ్యలో వెనక్కి తిరిగి చూశాను. అందరూ నల్లటి బండల మీద కూర్చున్నారు. ఆ బూడిద రంగు బండ మీద ఏసుమణత్త ఒక్కతే ఉంది. వాకిట్లో అందరి చెప్పులు చూసుకోవడానికి అక్కడ కూర్చుంటుందని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ని.

ఆరాధన అయ్యాక దగ్గరికి పోయి, "ముందుకొచ్చి మంచి బండ మీద కూచోరాదా అత్తా?" అన్నాను.

"ఇది మా నాయన మోసుకొచ్చిన బండప్పా. ఎట్లుండినా ఈడే కూచుంటా" అంది.



సోమవారం, టైల్స్ మేస్త్రీ రావలసిన వేళకు, గరుకు రాయి పట్టుకుని వాకిలి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏసుమణత్త వచ్చి, పీట వేసుకుని కాసేపు చూసింది.

"అంత గట్టిగా కాదప్పా" అంది. "నీళ్లు పోసి, గుండ్రంగా."