దోమెసో వాళ్ళు బాగుచేసిన దారి

అబెన్‌క్రో సంతలో పెండలం గడ్డలు అమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి నేల ఊడ్చుకుంటారు, గడ్డలు పేర్చుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. కానీ తచివా వచ్చి తన పీట మీద కూర్చునేదాకా ఒక్క గడ్డ కూడా అమ్మరు. ఆమె పెండలాల రాణి. రాణి అంటే కిరీటం ఉంటుందనుకునేరు. ఉన్నదల్లా ఒక చెక్క పీట, నడుముకు చుట్టిన నీలం బట్ట, ఎవరి మధ్య తగువొచ్చినా తీర్చే నోరు. టమాటాలకూ ఒక రాణి ఉంది, డుఫీ అని. డుఫీ నోటికి భయపడే టమాటాలు తొందరగా ఎర్రబడతాయని లారీ డ్రైవర్లు చెప్పుకుంటారు.

ఆ ఏడాది తచివాకు ఉన్నది ఒకటే దిగులు, దోమెసో దారి.

దోమెసో పెండలం రుచి తెలిసిన వాళ్ళు ఇంకో ఊరి పెండలం ముట్టరు. తెల్లగా ఉంటుంది, పిండిలా ఉడుకుతుంది. ఉడికిన గడ్డను ఫుఫు ముద్దగా దంచితే రోకలిని వదలనంటుంది. అయితే ఆ ఊరికీ సంతకూ మధ్యలో బాయా వాగుంది. వానలకు ఆ వాగు పొంగి పొంగి దారిని కొరుక్కు తినేసింది. లారీలు ఇవతలే ఆగిపోతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు తలమీద చుట్టకుదురు పెట్టుకుని, మోకాలిలోతు నీళ్ళలో గడ్డలు మోసుకొచ్చి లారీకెక్కించాలి. కాలు జారిందా, గడ్డకు దెబ్బ తగిలినట్టే. దెబ్బ తగిలిన పెండలం ఏడ్చి చెప్పదు కదా, లోపల్లోపలే నల్లబడి పక్కనున్న వాటినీ కుళ్ళబెడుతుంది.

నాట్లకు ముందే దోమెసో రైతుల పెద్ద బదు సంతకు వచ్చి తచివా ఎదురుగా చతికిలబడ్డాడు.

"రాణమ్మా, నీ దగ్గర దాపరికమెందుకు? మావాళ్ళు జీడిమామిడి మొక్కలు తెచ్చి పెట్టుకున్నారు. జీడిగింజలు సంచితో సహా వాగులో పడినా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఈ పంట చేతికొచ్చేలోగా దారి పడితే సరే. లేకపోతే మేం పెండలం మానేస్తాం."

"మానేసి ఏం తింటావు మామా? జీడిగింజలు దంచి ఫుఫు చేసుకుంటావా?"

"నవ్వించకమ్మా, నాకు ఏడుపొస్తోంది."

"సరే, దారి నేను వేయిస్తాను. మొక్కలు మాత్రం నాటనివ్వకు," అనేసింది తచివా.

నోరు జారాకగానీ ఎంత మాట అన్నదో ఆమెకు తెలియలేదు. తాను పెండలాలకు రాణి గానీ రోడ్లకు కాదు. ఇక దోమెసో పెండలం లేకపోతే తన వరసలో కూర్చునే ఆడవాళ్ళు ఏం అమ్ముతారు? పీట ఒక్కటే మిగులుతుంది.

ఆ వారమే సంతలో అందరినీ కూర్చోబెట్టింది. గుడ్డల కొట్లవాళ్ళు, పిండిమరల వాళ్ళు, మేకుల కొట్టువాళ్ళు, లారీల సంఘం పెద్ద జాబా, అందరూ వచ్చారు. దోమెసో దారికి తలా ఒక సాయం చెయ్యాలంది.

"పెండలం దారికి గుడ్డల వాళ్ళెందుకు సిమెంటియ్యాలి?" అని ఒకామె అడిగింది.

"నీ దగ్గర పండక్కి గుడ్డ కొనేది ఎవరే? అధికారి పెళ్ళామా?" అని డుఫీ గయ్యిమంది. "పంట అమ్ముకున్న రైతే కదా పెళ్ళానికి గుడ్డ కొనేది! దారి పోతే రైతు పోతాడు, రైతు పోతే నువ్వు నీ గుడ్డలే చుట్టుకుని కూర్చో!"

గుడ్డలామె సిమెంటిస్తానంది. మేకుల కొట్టువాళ్ళు ఇనుప చువ్వలిస్తామన్నారు. జాబా ఇసుక తన లారీల్లో ఊరికే తోలిస్తానన్నాడు. ఇక కావలసినవి సిమెంటు గొట్టాలు, నేల చదును చేసే యంత్రం. అవి రెండూ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

సంతకు సెలవురోజు చూసుకుని అందరూ జిల్లా కచేరీకి వెళ్ళారు. డుఫీ తలకు ఎర్రగుడ్డ కట్టుకుని వచ్చింది. ఎవరైనా చనిపోతేనో, ఎవరి మీదైనా తిరగబడితేనో కట్టే గుడ్డ అది.

"ఎవరు పోయారే?" అని తచివా అడిగింది.

"ఇంకా ఎవరూ పోలేదు. లోపలున్నాయన మాట విని చెప్తాను."

లోపలున్నాయన పేరు ఫోఫీ. నిండైన పొట్ట, నిదానమైన మాట. మనిషి మంచివాడే. అందరికీ నీళ్ళిప్పించి, మొత్తం విని, నుదురు రుద్దుకున్నాడు.

"అమ్మలూ, నా దగ్గర యంత్రం ఒక్కటే ఉంది. కొండవతల ఊరివాళ్ళూ అడుగుతున్నారు. ఈ వానలు ముదరకముందు ఒక్క దారికే పంపగలను. రెండూ కళ్ళారా చూస్తా. ఏది అధ్వాన్నంగా ఉంటే దానికే. శుక్రవారం దోమెసో వస్తాను, సరేనా?"

తచివా మనసు తేలికపడింది. ఆ దారిని చూస్తే రాయైనా కరుగుతుంది అనుకుంది. ఇంటికెళ్తూ జాబాతో దోమెసోకు కబురు పంపింది. "జిల్లా అధికారి వస్తున్నాడు, పెద్దమనిషి. మర్యాదకు లోటు రాకూడదని చెప్పు" అంది.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

శుక్రవారం ఫోఫీ తన పికప్ బండిలో ముందు కూర్చున్నాడు. వెనక సీట్లో రాణులిద్దరూ. వాళ్ళ వెనకాల జాబా లారీ నిండా సంతవాళ్ళు. ఆ లారీ నుదుట "తొందరెందుకు తమ్ముడూ" అని పసుపురంగుతో రాసుంటుంది, నడక కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

దోమెసో మలుపు తిరిగారో లేదో, తచివా కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

దారి అద్దంలా ఉంది. కొత్త ఎర్రమట్టి పోసి, దిమ్మిస కొట్టి, చీపుళ్ళతో ఊడ్చారు. రెండు పక్కలా గడ్డి కోసేశారు. పామాయిల్ మట్టలు వంచి గుమ్మాల్లాగా కట్టారు. పిల్లా పెద్దా పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నారు. బండి ఒక్క కుదుపు లేకుండా సాగిపోతోంది.

"ఆ వాగు ఎక్కడమ్మా?" అన్నాడు ఫోఫీ కాసేపటికి.

"దాటేశాం సార్," అన్నాడు డ్రైవరు. ఎక్కడో వెనకబడ్డ జాబా లారీ మాత్రం ఎప్పటిలాగే వాగుకు ఇవతలే ఆగింది, సంతవాళ్ళు దిగి నడిచొచ్చారు.

డుఫీ తచివా తొడ మీద గిల్లింది. "నేను ఎర్రగుడ్డ తెచ్చుకోవలసింది," అని చెవిలో గొణిగింది.

ఊళ్ళో బదు పండగ బట్ట భుజాన వేసుకుని, మొహం వెలిగిపోతుండగా ఎదురొచ్చాడు. గతించిన పెద్దల పేర్లు తలచుకుని నేలమీద కల్లు ధార పోశాడు. అధికారిని నీడలో కూర్చోబెట్టగానే తచివా బదును గాదె చాటుకు లాక్కెళ్ళింది.

"ఏం చేశావు మామా?"

"బాగుంది కదూ! చాటింపు వేయించి ఊరంతా కదిలాం. వాగులో దుంగలు పరిచి మట్టి కప్పేశాం. నిన్న పొద్దుగూకేదాకా మా ముసలమ్మలు కూడా ఊడుస్తూనే ఉన్నారు."

"గుంటలు చూడ్డానికి కదయ్యా ఆయన వచ్చింది!"

బదు తెల్లబోయాడు. "అతిథికి గుంటలు చూపిస్తారా ఎక్కడైనా? మా ఇంటికి నువ్వొస్తే నీ ముందు చిరిగిన చాప వేస్తానా? ఆయన నడుం పట్టేస్తే మా ఊరికి ఎంత అప్రతిష్ఠ!"

తచివా ఎవరిని తిట్టుకోవాలి? మర్యాద మాట తనదే. తన అమ్మమ్మ ఊళ్ళోనైనా ఇదే పని చేసేవాళ్ళు, తాను చిన్నపిల్లయితే చీపురు పట్టుకుని అందరికంటే ముందుండేది.

భోజనాలయ్యాయి. ఉడకబెట్టిన దోమెసో పెండలం, ఆకుకూర పులుసు, ఎండుచేప. ఫోఫీ రెండోసారి పెట్టించుకున్నాడు. మూతి తుడుచుకుంటూ, "తచివమ్మా, మీ మాట కాదనడం కాదు. కానీ మా కచేరీ ముందు దారికంటే ఇదే నయంగా ఉంది. కొండవతల వాళ్ళకే పంపాల్సొస్తుందేమో," అన్నాడు.

"వాళ్ళు పని చేసి..." అని తచివా మొదలుపెట్టి, బదు మొహం చూసి ఆగిపోయింది. ఆ ముసలాయన్ని అతిథి ముందు చిన్నబుచ్చడానికి నోరు రాలేదు. బదు మాత్రం ఇంటి వెనక చాపకింద నీడలో ఉన్న జీడిమొక్కల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు కానుకలు మొదలయ్యాయి. అతిథిని వట్టి చేతులతో పంపడం ఆ ఊళ్ళో లేదు. ఒకామె తన కొట్టంలోంచి పెద్ద పెండలం తెచ్చి బండిలో పెట్టింది. ఇంకొకామె రెండు తెచ్చింది. డ్రైవరు, "చాలమ్మా, చాలు," అన్నాడు. ఎవరు వింటారు! ఫోఫీ నవ్వుతూ, "ఇంక వద్దు, మా ఇంట్లో తినేవాళ్ళు లేరు," అన్నాడు.

తచివా బండి వైపు చూసింది. వెనక చక్రాల పైన బండి కొంచెం కిందికి దిగింది. వచ్చినప్పుడు ఆ బండి ఖాళీ కదా, అనుకుంది. ఖాళీ బండికి ఏ దారైనా దారే.

లేచి, నడుముకు బట్ట బిగించింది. ఆమె గట్టిగా మాట్లాడితే సంత ఈ చివర నుంచి ఆ చివరకు వినపడుతుంది.

"అమ్మల్లారా! ఏ ఇంటి కానుకా మిగిలిపోకూడదు! నా పెండలం మాత్రం అధికారి గారు తీసుకోలేదని రేపు ఎవరూ నా దగ్గర మొహం ముడుచుకోకండి!"

ఇంకేముంది. ఊరంతా కదిలింది. గడ్డలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు కూడా. కాదంటే తప్పు, అవునంటే బరువు. ఫోఫీ చేతులెత్తేశాడు. డుఫీ తచివాను చూసింది, బండిని చూసింది, మూతి బిగించుకుని నవ్వు మింగింది.

తిరిగొస్తుంటే వాగు దగ్గర అందరికీ దుంగల చప్పుడు వినిపించింది. ముందు చక్రాలు దాటాయి. వెనక మట్టి మెత్తగా జారింది, దుంగలు విడిపోయాయి, బండి నిదానంగా పొట్టవరకు బురదలో కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కోడిపుంజు మాత్రం గోల పెట్టింది.

వాగుకు ఇవతల ఆగి ఉన్న లారీలోంచి జాబా తల బయటపెట్టి, "నా లారీ అయితే ఇందులోకి దిగేదే కాదు సార్! రోజూ ఇక్కడే ఆపుకుంటాం!" అన్నాడు.

"రోజూనా?" అన్నాడు ఫోఫీ.

"దించితేగానీ బండి లేవదు," అంది తచివా. అప్పటికే చుట్టకుదురు చుట్టుకుంటోంది. దోమెసో ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే గడ్డలు తలకెత్తుకుని వరసగా నీళ్ళలోకి దిగారు. వాళ్ళకది అలవాటైన నడక. ఫోఫీ కాసేపు చూశాడు. తర్వాత బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఒక గడ్డ తలమీద పెట్టించుకున్నాడు.

"మెడ నిటారుగా పెట్టు బాబూ! కచేరీలో తలూపినట్టు ఊపకు!" అని డుఫీ అరిచింది. అందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు, నవ్వడంతో కాలు జారింది, గడ్డ రాతిమీద పడింది.

దాన్ని ఆయనే తీశాడు. తొక్క లేచిపోయి తెల్లటి కండ కనిపిస్తోంది. "ఇది పనికిరాదా ఇక?"

"ఇవాళ వండుకుంటే పనికొస్తుంది," అంది తచివా. "సంతకు పనికిరాదు. ఇట్లాంటివి లారీకి ఎన్ని దిగుతాయో మా వరసలో ఎవర్నైనా అడగండి."

ఈలోగా బదు రొప్పుతూ వచ్చాడు. బురదలో బండి చూసి ఏడుపొక్కటే తక్కువ. "అయ్యా, మిమ్మల్ని బురదలో దింపాం. మా ఊరి పరువు పోయింది!"

"పెద్దాయనా," అన్నాడు ఫోఫీ, మోకాళ్ళదాకా ఎర్రటి బురదతో. "పరువు దక్కింది. యంత్రం మీ దారికే వస్తుంది. కొండవతల దారిలో పోయిన వారమే నిండు లారీని చూశాను, నడుస్తూనే వెళ్ళింది. ఇక్కడ నడవదని నా బండే చెప్పింది." ఆ పగిలిన గడ్డను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ పూట వండించుకుంటానని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

వానలు ముదరకముందే గొట్టాలు దిగాయి. జాబా ఇసుక తోలాడు. సిమెంటిచ్చిన గుడ్డలామె దగ్గరుండి బస్తాలు విప్పించింది, తన సిమెంటు ఎక్కడ పడుతోందో చూసుకోవాలట. కొత్త పెండలం పండగ కాగానే లారీ ఊళ్ళోకే వెళ్ళి, గడ్డలు ఎత్తుకుని నేరుగా సంతకొచ్చింది. తచివా పీట మీద కూర్చుని, మొదటి గడ్డను నాలుగువైపులా తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదు. బదు దించేవాళ్ళ మీద పెత్తనం చేస్తూ తిరుగుతున్నాడు.

"జీడిమొక్కలేం చేశావు మామా?"

"వాగుకు ఆ పక్కన గట్టు వెంట నాటాం. నీడకు," అన్నాడు.

కల్వర్టును ప్రారంభించడానికి అధికారి మళ్ళీ వస్తాడని కబురొచ్చింది. ఈసారి తచివా తానే దోమెసో వెళ్ళి చెప్పింది. "చూడు మామా, దారి బాగుంది. దేన్నీ ముట్టుకోకండి. ఉన్నది ఉన్నట్టుండనీ."

"అట్లాగే రాణమ్మా, చీపురు కూడా పట్టం," అన్నాడు బదు.

ఆ రోజు మలుపు తిరిగేసరికి కల్వర్టుకు రెండు పక్కలా పామాయిల్ మట్టలు వంచి ఉన్నాయి. కొత్త సిమెంటును ఎవరో కడిగి, తుడిచి, తెల్లసున్నం కూడా కొట్టారు. బదు ఎండలో పండగబట్టతో నిలబడి చేయి ఊపుతున్నాడు. తచివా తల కొట్టుకుని నవ్వింది. బండి కల్వర్టు దాటింది.