గేటు ఎలా ఉంటే అలా

దేశం కాని దేశంలో దిగిన మొదటి ఉదయమే పెద్దావిడ నాకు గేట్ల గురించి ఉపదేశం చేసింది. ఆవిడ రైతు తల్లి. మోకాళ్ళు అరిగి వంటింటి కుర్చీకే అతుక్కుపోయినా పెత్తనం మాత్రం పొలమంతా చేస్తుంది.

"చూడమ్మాయ్, మా దగ్గర గేటు తీసుంటే తీసే ఉంచాలి, వేసుంటే వేసే ఉంచాలి. ఎందుకని అడక్కు."

"అలాగేనండీ," అన్నాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

పని రెండు రకాలు. పొద్దున, సాయంత్రం దూడలకు పాలు పట్టాలి, మిగతా సమయమంతా రైతు కూతుర్ని చూసుకోవాలి. పిల్లకు నాలుగేళ్ళు. వారం చూస్తాం, కుదరకపోతే తిరుగు ప్రయాణమే అని రైతు భార్య ముందే తేల్చేసింది. ఊరంతా చెప్పుకుని వచ్చినదాన్ని. వారానికే తిరిగి వెళ్తే మా అక్క నన్ను బతకనిస్తుందా? ఎలాగైనా ఇక్కడ నిలబడాలి.

పిల్లకు నా పేరు నోరు తిరగలేదు. "అక్కా అను చాలు," అన్నాను. నేను దాన్ని బుజ్జమ్మా అన్నాను. నిజానికి నాకు పని నేర్పింది ఆ బుజ్జమ్మే. దూడల్లో ఒకటి పుట్టుగుడ్డిది. బుజ్జమ్మ రెండు వేళ్ళు పాలల్లో ముంచి దాని నోట్లో పెట్టి, మెల్లగా బకెట్‌కున్న రబ్బరు పీక దాకా లాక్కొచ్చేది. నా వేళ్ళు పెడితే మాత్రం అది మూతి బిగించేది.

"దానికి నువ్వింకా తెలీదు కదక్కా," అని నన్నే ఓదార్చేది.

మూడో రోజు ఎండ మండిపోతోంది. రైతూ భార్యా గడ్డి కోయడానికి దూరపు చేలోకి వెళ్ళారు. పొద్దున పాలు పట్టి పిల్లతో తిరిగి వస్తుంటే దూడల పాక వెనక, రెండు బీళ్ళ మధ్య గేటు బార్లా తెరిచి ఉంది. నాకు ఒళ్ళు మండింది. మా వైపు గేటు తీసి వదిలితే పశువులు పక్కవాళ్ళ చేలో పడతాయి, ఆ సాయంత్రం రెండిళ్ళవాళ్ళూ ఏడు తరాల్ని తిట్టుకుంటారు. గేటు లాగి గొలుసు తగిలించాను.

"అది తీసుండాలక్కా," అంది బుజ్జమ్మ.

"పెద్దవాళ్ళకు తెలుసులే, నడు."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా?

మధ్యాహ్నం పిల్లను పడుకోబెట్టి బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. బయట ఓ ఆవు అరిచింది. కాసేపటికి మంద మొత్తం అందుకుంది.

"ఏంటా అరుపు?" అంది పెద్దావిడ.

"ఆకలేమోనండీ."

"గడ్డిలో నిలబడి ఆకలేంటి? అది దాహం అరుపు. తొట్టి పక్క బీట్లోనే ఉంది, గేటు తీసే ఉంటుంది. వెళ్ళి తాగవెందుకు మరి?"

పొద్దున నేను గొలుసు తగిలించిన గేటు! కత్తి పడేసి, వెళ్తూ వెళ్తూ పిల్ల గదిలోకి తొంగి చూశాను. మంచం ఖాళీ. గుమ్మంలో చిన్న బూట్లు లేవు.

పరిగెత్తాను. పాక మలుపు తిరిగేసరికి గేటు మీద బుజ్జమ్మ! అడుగు కడ్డీ మీద నిలబడి రెండు చేతులా గొలుసు లాగుతోంది. అవతల ఆవుల మంద గేటును గుండెలతో నెడుతోంది. ఆ గేటు తెరుచుకునేది పిల్ల వైపే. గొలుసు ఊడిందా, పిల్ల గేటుకూ కంచెకూ మధ్య నలిగిపోతుంది. కేక వేద్దామంటే ఆవులు బెదురుతాయని భయం. పళ్ళు బిగబట్టి వెళ్ళి, నడుం పట్టి పిల్లను లాగి పాక వైపు కంచె అవతల పడేశాను. అప్పుడే గొలుసు ఊడింది. గేటు నన్ను కంచెకేసి నొక్కేసింది. దాని చాటున ఊపిరి బిగబట్టుకుని నిలబడితే, మంద మొత్తం నా మొహం ముందు నుంచి తొట్టి మీదికి దూకింది.

అరుపులు విని రైతు ట్రాక్టర్ మీద వచ్చేశాడు. తొట్టి దగ్గర కుమ్ముకుంటున్న ఆవుల్ని చూశాడు.

"గేటు ఎవరు వేశారు?"

"నేనే నాన్నా," అంది బుజ్జమ్మ.

"నువ్వా! నీకు కూడా చెప్పాలా? ఇంక దూడల పాకలో అడుగు పెట్టావంటే ఊరుకోను."

పిల్ల కింది పెదవి వణికింది. మాట మాత్రం మార్చలేదు. నా వైపు చూడను కూడా లేదు.

ఎప్పుడూ నాకంటే ముందు పరిగెత్తే నా నోరు అప్పుడు పడిపోయింది. నాలుగు రోజులకు కోపం తగ్గుతుంది, పిల్లను మళ్ళీ పాకలోకి రానిస్తారు, నా ఉద్యోగం నాకుంటుంది అని లోపల ఓ లాయరు వాదిస్తున్నాడు. అంత చిన్న పిల్ల చాటున దాక్కుంటున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

"వేసింది నేనండీ. పాప వద్దంది. నేనే వినలేదు."

అతను నన్ను తేరిపార చూశాడు. "మరి పాప ఇక్కడికెలా వచ్చింది?"

అదీ అసలు ప్రశ్న.

"నిద్రపోయిందనుకున్నానండీ. మళ్ళీ వెళ్ళి చూసుకోలేదు."

అతను పిల్లను ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి పెట్టె సర్దుకున్నాను. సర్దుతూ ఏడ్చాను కూడా.

సాయంత్రం పాలు కలుపుకుని పాకలోకి వెళ్ళాను. దూడలేం పాపం చేశాయి? గుడ్డిది యథాప్రకారం మూతి బిగించింది. బతిమాలుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. బుజ్జమ్మ, ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుని వచ్చింది. వెనకే వాళ్ళ నాన్న.

పిల్ల నా చేయి పట్టుకుని పాలల్లో ముంచింది. తన వేళ్ళతో పాటు నా వేళ్ళూ దూడ నోట్లో పెట్టింది. అది కాసేపు ఆలోచించి చీకడం మొదలుపెట్టింది. పిల్ల తన వేళ్ళు మెల్లగా తీసేసుకుంది. దూడ నన్ను వదల్లేదు.

"పెట్టె సర్దావట," అన్నాడు రైతు.

"అవునండీ."

"వారం ఇంకా అవలేదుగా." వెళ్తూ పాక గేటు దగ్గర ఆగాడు. "నువ్వొచ్చేసరికి ఇది ఎలా ఉంది?"

"వేసుందండీ."

"మరిప్పుడు తీసుందేం?"

బకెట్‌తో వస్తూ వెయ్యడం నేనే మరిచాను. లేద్దామంటే దూడ వదిలితేగా!

"అక్క చేయి ఖాళీ లేదు," అంది బుజ్జమ్మ. "నువ్వే వెయ్యి నాన్నా."

అతను గేటు వేసి వెళ్ళాడు.